అడ్డంగా సాగిన గడి

గడులమ్మ స్కేలు ఆనించి మొదటి గీత గీసేసరికి పెన్సిల్ ముల్లు పుటుక్కున విరిగింది. మళ్ళీ చెక్కి, అంతే గట్టిగా గీసింది. ప్రెస్సులో మిగతావాళ్ళు ఎవరి పని వాళ్ళు చూసుకున్నారు. ఆమె అలా గీస్తున్నప్పుడు పలకరిస్తే ఏమవుతుందో వాళ్ళకి తెలుసు.

ఆ చిన్న ప్రెస్సు ఆమె బావది, అక్క మొగుడిది. చిన్న చిన్న బొమ్మల కథలు గీయడం ఆమె పని. ఆ పని ఆమెకి ఎవరూ నేర్పలేదు. పాత పత్రికల్లోని బొమ్మల కథల మీద పల్చటి కాగితం పరిచి, బొమ్మలు వదిలేసి, వాటి చుట్టూ ఉన్న గడులు మాత్రమే దింపుకునేది. ఒక గడి అయ్యాక కన్ను ఎటు పోతుందో అలాగే పట్టుబడింది. గడులమ్మ అనే పేరూ అలాగే వచ్చింది.

ఈసారి పని అక్క పనిచేసే లాండ్రీ నుంచి వచ్చింది. అక్కడ తడి దుప్పట్లని వేడి రోలర్ల మధ్యకి పంపి ఇస్త్రీ చేస్తారు. దుప్పటి ఇరుక్కుంటే మిషన్ ఆపకుండా లాగబోయి ఈమధ్యే ఒకామె వేళ్ళు నలగ్గొట్టుకుంది. చదువు రానివాళ్ళకి కూడా తెలిసేలా, గోడకి అంటించడానికి మాటల్లేని ఒక్క పేజీ కథ కావాలన్నారు.

గడులమ్మ నాలుగు సమానమైన గడులు గీసిచ్చింది. దుప్పటి ఇరుక్కోవడం, ఎర్ర మీట నొక్కడం, రోలర్లు ఆగడం, చేత్తో లాగడం. బావకి అది చప్పగా కనిపించింది. ఆమెకి చెప్పకుండా ముక్కలు కత్తిరించి, మొదటి మూడూ ఎడమవైపు ఒకదాని కింద ఒకటి పేర్చాడు. దుప్పటి లాగే చేతిని పెద్దది చేసి, కుడివైపు పైనుంచి కిందదాకా నిలబెట్టాడు. ఆ నమూనా ఇంటికి తెచ్చి వంటింటి గోడకి గుచ్చి, ఎలా ఉందో అక్కాచెల్లెళ్ళని చెప్పమన్నాడు.

అక్క గిన్నెలు కడుగుతున్న తడి వేలితో దుప్పటి బొమ్మ చూపించింది. వేలు పక్కకి జరిగి పెద్ద చేతి మీదికి పోయింది. తర్వాత వెనక్కొచ్చి ఎర్ర మీట మీద ఆగింది.

"ముందు లాగేసి తర్వాత ఆపాలా? కొత్త పద్ధతా ఇది?" అంది. వేళాకోళం కాదు, నిజంగానే అడిగింది.

బావ నవ్వాడు. "ముందు కిందకి దిగాలే, పిచ్చిదానా."

"రోజూ లాండ్రీ గోడ పక్కన నిలబడి నువ్వు చెప్తావా?" అంది గడులమ్మ. అన్నం తినకుండా లేచి వెళ్ళిపోయింది.

తెల్లారగానే ప్రెస్సుకొచ్చి, పెన్సిల్ ముల్లు విరిగేంత గట్టిగా కొత్త పేజీ మొదలుపెట్టింది. కాసేపటికి బావ వచ్చి బల్ల మీదికి వంగాడు. నిన్ననే చూపిస్తే లాండ్రీ వాళ్ళకి తన నమూనా నచ్చిందనీ, ఆ చెయ్యి సినిమా పోస్టర్‌లా ఉందన్నారనీ చెప్పుకొచ్చాడు.

"చూడు మరదలా, ఎంత దూరం నుంచైనా కన్ను ఆ చేతి మీదే పడుతుంది."

"కన్ను ముందు అక్కడ పడితే చెయ్యీ ముందు అక్కడికే పోతుంది."

"ప్రతిదానికీ ఈకలు పీకుతావు."

ఆమె పెన్సిల్ కింద పెట్టింది. "ఆ మిషన్ ముందు నిలబడేది నీ పెళ్ళాం, బావా."

అతను సిరా డబ్బాల వైపు వెళ్ళిపోయాడు.

గడులమ్మకి తన మీదా కోపంగానే ఉంది. తన పాత పేజీలో వరస తప్పు లేదు. కానీ హడావిడిలో ఉన్న మనిషికి అన్ని గడులూ ఒకేలా కనిపిస్తే మీట గడి దాటిపోవడం ఎంతసేపు? ఈసారి ఇరుక్కున్న దుప్పటిని పైన ఉంచింది. దాని కింద మీట గడిని ఈ అంచు నుంచి ఆ అంచుకి అడ్డంగా సాగదీసింది. పక్కన ఇంకో బొమ్మకి చోటే మిగల్చలేదు. దాని కింద ఆగిన రోలర్లు. చెయ్యి అన్నిటికన్నా అడుగున, అన్నిటికన్నా చిన్నగా.

అచ్చయిన కాగితాలు బావే మోశాడు. ఆమె ముందు నడిచింది. లాండ్రీలో ఆవిరి కమ్మేసింది. ఒక కాగితం తీసి, ఏమీ చెప్పకుండా అక్క చేతికిచ్చింది. అక్క వేలు దుప్పటి మీద నుంచి కిందకి దిగి, ఎర్ర మీట మీద ఆగింది. ఆ గడి వెంట అటూ ఇటూ తిరిగింది. పక్కకి దారి లేక కిందకే దిగింది.

"ఆపాకే లాగాలి," అంది అక్క.

బావ కట్ట విప్పుతూ తల దించుకున్నాడు. గడులమ్మ మిగతా కాగితాలు అతని చేతిలోంచి లాక్కుని సూపర్‌వైజర్ బల్ల మీద పెట్టింది.

"ఎక్కడా కత్తిరించకుండా అంటించండి," అని చెప్పి బయటికి నడిచింది.