తోలు నానేదాకా

మెట్‌పల్లి చుట్టుపక్కల ఊళ్లలో బోరింగు చెడిపోతే రాయమల్లు తాతకే కబురు పోయేది. ముప్పై ఏళ్లు అదే పని చేశాడు. పిడిని నాలుగుసార్లు కొట్టి, చెవి ఆనించి విని, లోపల ఏ వాషర్ అరిగిందో చెప్పేసేవాడు. చెప్పింది తప్పయితే మాత్రం తప్పు బోరింగుదే.

నిరుడు ఆయన గుండెలో ఒక వాల్వ్ గట్టిపడి, నాలుగడుగులు వేస్తే ఆయాసంతో కళ్లు తిరగసాగాయి. హైదరాబాద్ డాక్టర్లు ఛాతీ కోయకుండా, తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి కొత్త వాల్వ్ పెట్టారు. భయపడాల్సిన మనిషి ప్రశ్నలతో వాళ్లను సతాయించాడు. మడిచి పంపిన వాల్వ్ లోపలికి పోయి ఎట్లా విచ్చుకుంటుంది? దేనితో చేస్తారు? తీగల జాలీకి పశువు గుండె మీది పొరతో రెక్కలు కుడతారని ఒక నర్సు చెప్పింది. తాత కళ్లు మెరిశాయి.

"అంటే తోలే గద బిడ్డా," అన్నాడు.

నర్సు ఏదో పనిలో ఉండి తలూపి పోయింది. ఆ తలూపుడే కొంప ముంచింది.

ఇంటికొచ్చిన వారానికి ఆయాసం మళ్లీ మొదలైంది. కొత్త తోలు వాషర్ వేసిన బోరింగు మొదట్లో నీళ్లు జార్చుకుంటుంది. తోలు నాని ఉబ్బితే పట్టుకుంటుంది. ఇదీ అంతేనని తాత తేల్చేశాడు. నానేదాకా ఓపిక పట్టాలి, అంతలోనే డాక్టర్లకు చెబితే విప్పి చూస్తామంటారు. అందుకని నోరు మెదపలేదు. పడుకుంటే ఊపిరాడక గోడకు బొంత ఆనించుకుని కూర్చునే కునికేవాడు. ఇదేందని భార్య బుచ్చవ్వ అడిగితే నడుం పట్టేసిందనేవాడు. ఒకరోజు కుడివైపు పట్టేది, మర్నాడు ఎడమవైపు.

ఆరో వారం పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టలేదు. బుచ్చవ్వ ఇక ఏమీ అడగకుండా కారు మాట్లాడి కరీంనగర్ ఆసుపత్రికి తీసుకుపోయింది. ఆయాసం మొన్నటి నుంచేనని తాత అక్కడి చీటీలో రాయించాడు.

డాక్టర్ సృజన తాత ఛాతీ మీద యంత్రం ఆనించి, తెర మీద గుండెను చూపించింది. నెత్తురు ఎరుపు, నీలం రంగుల్లో కదులుతోంది. తాత మెడ సాచి చూశాడు.

"గదేంది మేడం, ఎన్కకు జిమ్ముతుంది?"

"మీరే పట్టేసిన్రు పెద్దాయనా. కొత్త వాల్వ్ మంచిగనే ఉంది. కారేది దాని పక్కది."

"దాన్ని ఎవ్వలు ముట్టలే గద?"

"ముట్టలే. కానీ రెండూ ఒకదానికొకటి ఆనుకునే ఉంటయి. కొత్త దాని జాలీ అంచు పక్క వాల్వ్ రెక్కను ఒత్తుతుండొచ్చు. లేదంటే సూక్ష్మజీవులు చేరి రెక్కను తినొచ్చు. రెండింటికీ వైద్యం వేరు. అందుకే అడుగుతున్న, నిజంగ ఆయాసం ఎప్పటి నుంచి? జ్వరం వచ్చిందా?"

తాత బుచ్చవ్వ వైపు చూశాడు.

"జర ఈమెను బయటికి పంపుతరా?"

"నేను పోను," అంది బుచ్చవ్వ.

బోరింగు పిడి నెల నుంచి కిర్రుమంటున్నా నిన్ననే చెడిందని చెప్పేవాళ్లను తాత ఎన్నోసార్లు తిట్టాడు. ఇప్పుడు తనను తిట్టేవాళ్లు పక్కనే నిలబడ్డారు.

"ముప్పై అయిదు దినాలైంది మేడం. జ్వరం ఒక్క పూట గూడ రాలే."

"మరి గా నడుం?" అంది బుచ్చవ్వ.

"నడుం మంచిగనే ఉన్నది."

సృజన నవ్వు ఆపుకుని రాసుకుంది. జాలీ ఒత్తిడే అయి ఉండొచ్చని, అయినా రక్తపరీక్షలు చేయాలని, ఒంట్లో చేరిన నీరు తీయడానికి ఇవాళే చేర్చుకుంటామని చెప్పింది. తర్వాత హైదరాబాద్ డాక్టర్లతో మాట్లాడాలి. వీలైతే ఈసారీ గొట్టంతోనే పోయి రెక్కలకు క్లిప్ పెడతారు. వీలు కాకపోతే ఛాతీ తెరవాల్సి వస్తుంది.

తాత చొక్కా గుండీలు పెట్టుకుని బుచ్చవ్వ వైపు జరిగాడు.

బుచ్చవ్వ స్టూలు లాక్కుని డాక్టరమ్మ ముందు కూర్చుంది.

"తెరిస్తే ఎట్ల తెరుస్తరో, ఎన్ని దినాలు పడ్తయో నాకు చెప్పు బిడ్డా. ఇగ గాయన పడుకున్నడో కూసున్నడో నేనే చూస్త."