కాలవ గట్టు మీద ట్యాంకు గురి

ఆ రోజుల్లో, అంటే కొత్తగా ఉద్యోగం వచ్చి పెళ్ళి ఇంకా కాని రోజుల్లో, ఆదివారాలు ఎంత పొడుగ్గా ఉండేవో ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు. రావులపాలెంలో ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. (ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆ సంగతి నేను మరిచిపోకుండా మా ప్రిన్సిపాల్ గారు చూసుకునేవారు.) పక్క వాటాలో ఇన్సూరెన్స్ ఆఫీసు కుర్రాడొకడు ఉండేవాడు. అందరూ అతన్ని కల్నల్ అనేవారు. సైన్యం మొహం చూసినవాడు కాదు, ఇంట్లో ఖాకీ నిక్కరు వేసుకునేవాడు, అంతే. మా ఇద్దరికీ ఒకటే పిచ్చి. అగ్గిపెట్టెలో పట్టే ప్లాస్టిక్ ట్యాంకులు తెప్పించి, రంగులు వేసి, టేబుల్ మీద రెండో ప్రపంచ యుద్ధం ఆడేవాళ్ళం. తువ్వాలు కింద పుస్తకాలు దూరిస్తే కొండ, నీలం రిబ్బను పరిస్తే నది. టేపుతో కొలిచి ట్యాంకుని జరపాలి, పాచిక వేసి ఫిరంగి పేల్చాలి. నిలబడి పేలిస్తే నాలుగు పడినా దెబ్బ తగిలినట్టే. కదులుతూ పేలిస్తే ఆరు పడి తీరాలి.

చిక్కంతా అక్కడే వచ్చింది. కల్నల్ నడిపే అమెరికన్ ట్యాంకులకి స్టెబిలైజర్ ఉండేది. బండి గతుకుల్లో ఎగిరిపడుతున్నా ఫిరంగి గొట్టాన్ని ఎగరనివ్వకుండా పట్టి ఉంచే యంత్రం అది. మా రూల్స్ పుస్తకంలో దాని ఊసే లేదు.

"కదిలినా నాకు నాలుగు చాలండి మాస్టారూ. స్టెబిలైజర్ ఉంది కదా!"

"చాలామంది సిబ్బంది దాన్ని వాడకుండా ఆపేసేవారటండి. నేను చదివాను."

"మీరు జర్మన్ల పక్షం కదండీ, అలాగే చదువుతారు."

(మా దెబ్బలాటలు కూడా అండీ, గారూలతోనే సాగేవి.) ఆట ఆగిపోయింది, తర్వాత మాటలూ ఆగిపోయాయి. జిల్లా మొత్తం గాలించినా ఈ ఆట ఆడే మూడో మనిషి దొరకడని ఇద్దరికీ తెలుసు. అయినా ఎవరూ తగ్గలేదు.

అలా ఉండగా ఓ ఆదివారం పొద్దున్న కల్నల్ వాళ్ళక్క అతని బండి వెనకనుంచి పులుసు గిన్నెతో దిగింది. మా వీధి రోడ్డు గతుకుల సంగతి నాకు తెలుసు. ఉండబట్టలేక అడిగాను, "ఒలకలేదేంటండీ?" అని.

"చేత్తో పట్టుకున్నాను కదండీ. మొన్న బండి క్యారియర్‌కి కట్టి తెచ్చి, సగం రోడ్డుకి పోసేశాడు మా తమ్ముడు."

నేనూ కల్నలూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చెయ్యే స్టెబిలైజర్! గంట తిరక్కుండా కాలవ గట్టు మీదున్నాం. రంగులు చల్లే ప్లాస్టిక్ తుపాకీలో ఎర్ర సిరా నీళ్ళు పోశాం. ఓ అరటితోట తడిక మీద సుద్దతో గుండ్రం గీశాం. మొదట తుపాకీని క్యారియర్‌కి కట్టి, కల్నల్ బండి నడుపుతుండగా వెనక కూర్చుని కొట్టాను. ఆకాశం తడిసింది, గట్టు తడిసింది, తడిక మాత్రం పొడిగా ఉంది. రెండోసారి చేత్తో పట్టుకున్నాను. ధార నిజంగానే నిలకడగా వస్తోంది. సరిగ్గా అప్పుడే తడిక పక్కనుంచి అరటిగెలతో ఓ స్కూటరు బయటికొచ్చింది. కల్నల్ హ్యాండిల్ పక్కకి తిప్పాడు. నా ధార కూడా దాంతోపాటు పక్కకి తిరిగింది.

స్కూటరు మీద మా ప్రిన్సిపాల్ గారు! తెల్ల చొక్కా మీద ఈ భుజం నుంచి ఆ భుజం దాకా, స్కేలు పెట్టి గీసినట్టు, అడ్డంగా ఎర్ర గీత.

"ఏంటయ్యా ఇది?"

"స్టెబిలైజర్ అండి," అన్నాను. ఎలాగూ ఉద్యోగం పోయిందన్న ధైర్యంతో మొత్తం చెప్పేశాను. ట్యాంకులూ, పాచికలూ, పులుసూ అన్నీ. ఆయన ఫిజిక్స్ మనిషి. తల వంచి తన చొక్కాని చాలాసేపు పరీక్షగా చూసుకున్నారు.

"పైకీ కిందకీ కదల్లేదన్నమాట. పక్కకి మాత్రం ఊగిపోయింది."

"అంతేనండి."

"మరి బండి ఆపగానే కొడితే ఏమవుతుంది?"

ఆ ఆలోచన మా ఇద్దరికీ రానే లేదు. ఆయన చొక్కా విప్పి తడికకి తగిలించి ("ఎలాగూ పాడైందిగా") బనీనుతో గట్టు మీద నిలబడి, "కానివ్వండి" అన్నారు. బ్రేకు వేశాక కూడా క్యారియర్‌కి కట్టిన తుపాకీ కాసేపు ఊగుతూనే ఉంది. చేత్తో పట్టుకుని కొట్టిన ధార మాత్రం వెంటనే చొక్కా జేబుకి తగిలింది. రూలు అక్కడికక్కడే తీర్మానమైంది. స్టెబిలైజర్ ఉన్న ట్యాంకు కదులుతూ పేలిస్తే ఐదు పడాలి, ఆగీ ఆగగానే పేలిస్తే నాలుగు చాలు. సిబ్బందికి దాన్ని వాడే అలవాటుందో లేదో ముందు మరో పాచిక వేసి తేల్చాలి. నా మాట, కల్నల్ మాట రెండూ నిలిచాయి. ఆ పై ఆదివారం నుంచి ప్రిన్సిపాల్ గారు రష్యా సైన్యం పుచ్చుకుని మా ఇద్దర్నీ వరసగా ఓడించారు. ఉద్యోగం ఖాయమైంది గానీ, చొక్కా సంగతి వాళ్ళావిడ గారికి నేనే వెళ్ళి చెప్పుకోవలసి వచ్చింది. ఎంత చెప్పినా ఆవిడకి అర్థం కాలేదు.

మొన్న ఇదంతా మా ఆవిడకి చెప్పాను. ఆమె చాలా శ్రద్ధగా విని, "అప్పటికి మీకు సంబంధాలు చూస్తున్నారా?" అని అడిగింది. చూస్తున్నారన్నాను. "మరి మా నాన్నకి ఈ సంగతి ఒక్కళ్ళూ చెప్పలేదేంటండీ!" అంది. నవ్వేశాను. గట్టు మీద బండి వెనక కూర్చుని, ఒక కన్ను మూసి, ప్రపంచంలో ఇంతకన్నా ముఖ్యమైన పనేదీ లేనట్టు గురి చూస్తున్న ఆ కుర్రాడికి నేనైతే పిల్లనిచ్చేవాణ్ణే అనిపించింది.