సుంకి దాకా వెళ్లిన హాల్ టికెట్టు

ధర్మేంద్ర సాలూరులో లారీ ఆఫీసు గుమాస్తా. పొద్దున్నే బండి కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి డ్రైవరు చేతికివ్వడం ఆరేళ్లుగా అతని పని. వేబిల్లులు రాస్తూ రాస్తూ జీఎస్టీ ఒంటబట్టింది. విశాఖ వెళ్లి కోచింగు తీసుకునే స్తోమత లేదు. తీసుకున్నవాళ్లను నోట్సు అడిగితే ముఖం తిప్పుకున్నారు. ఆ కచ్చతోనే పన్నులు, ఫైనాన్సు పాత పుస్తకాలు కొని ఒంటరిగా చదివాడు. కిందటేడు పీజీ ప్రవేశ పరీక్షలో మూడు మార్కుల తేడాతో సీటు పోయింది. ఈసారీ పోతే గుమాస్తాగానే ముసలివాడినైపోతాను అనుకున్నాడు.

పరీక్ష విజయనగరంలో, సాయంత్రం నాలుగున్నరకు. పదకొండింటికి బస్టాండులో సంచి తెరిచాడు. కవరులో లారీ పర్మిటు, ఇన్సూరెన్సు ఉన్నాయి. హాల్ టికెట్టు, ఆధార్ కార్డు ఉన్న కవరు పొద్దున రాయపూర్ వెళ్లే లారీ ఎక్కేసింది. హాల్ టికెట్టయితే మళ్లీ ప్రింటు తీయించుకోవచ్చు. అసలు కార్డు లేనిదే గేటు దాటనివ్వరు.

డ్రైవరు కూర్మయ్యకు ఫోన్ చేశాడు.

“మావా, కవర్లు మారిపోనాయి!”

“ఇప్పుడే సూసాన్రా అల్లుడా. పర్మిటు తీద్దునా, నీ పొటో ఉన్నాది. లోడు నువ్వేనేటి?”

“నవ్వకు మావా. నా బతుకు అందులో ఉన్నాది.”

“మరి నాది నీకాడున్నాది కదా! కాగితాల్లేకండ సెక్ పోస్టు ఎలా దాటతాను? ఘాటు మీద సుంకి టీ కొట్టుకాడ ఆగాను. పైకొచ్చే బండికి నాయి ఇచ్చెయ్. దిగే బండికి నీయి ఇచ్చీస్తాను.”

ధర్మేంద్ర బైపాసుకు పరుగెత్తి, ఘాటెక్కే లారీనొకదాన్ని ఆపి ముందు కూర్మయ్య కాగితాలు పంపాడు. ఆపైన ఎండలో నిలబడి దిగివచ్చే ప్రతి బండికీ చెయ్యి ఊపాడు. ఊరికే ఎక్కడానికనుకుని కొందరు తిట్టారు కూడా. ఒంటిగంట కావస్తుండగా ఒక లారీ ఆగింది.

“టేక్సు సదివేవోడివి నువ్వేనా? ఏదీ, మొకం సూపించు.” డ్రైవరు కార్డు మీది ఫొటోతో పోల్చి చూశాడు. “రెండింట్లోనూ ఏడుపే. ఎక్కు, ఇజీనారమే పోతన్నాను.”

పరీక్షలో వేబిల్లు గడువు మీద ఒక ప్రశ్న వచ్చింది. కింద ఇచ్చిన జవాబులు పూర్తిగా చదవకుండానే సరైనది నొక్కాడు.

ఆరింటికి బయటికొచ్చేసరికి కూర్మయ్య ఫోను.

“కోరాపుట్ దాటీసాను. ఎలా రాసావురా?”

“బాగా రాసాను మావా.”

“అయితే ఇకనుంచి నీ కవరు ఎర్రది కొనుక్కో.”

గేటు దగ్గర కోచింగు కుర్రాళ్లు గుంపుగా జవాబులు సరిచూసుకుంటున్నారు. ధర్మేంద్ర వాళ్ల పక్కనుంచే వెళ్లి, చాలాకాలానికి ఎవరి మీదా కోపం లేకుండా రెండు ప్లేట్ల పునుగులు తిన్నాడు.