గడ్డం మీది పచ్చబొట్టు

నేను బడి ముఖం చూడలేదు. అక్షరాలు ఇంట్లో నాన్న నేర్పాడు, ఫొటోలు కడగడం పెళ్లయ్యాక మామగారు నేర్పారు. ఇద్దరికీ రోజూ మనసులో దండం పెట్టుకుంటాను.

కృష్ణగిరిలో మా ఇంటి ముందుగది మామగారి స్టూడియో. వెనుక, కిటికీ మూసేసిన చిన్నగది డార్క్ రూమ్. నెగటివ్‌ను పెద్దది చేసి చూపే ఎన్‌లార్జర్ దీపం వెలుగు కాగితం మీద ఎంతసేపు పడాలో ఆయన అంకెలతో లెక్కపెట్టేవారు. వెలుగు ఎక్కువ పడ్డకొద్దీ కాగితం నల్లబడుతుంది. అంకెలైతే నేను కంగారులో పరుగెత్తించేదాన్ని. అందుకని కేశవ నామాలు చెప్పుకునేదాన్ని. 'కేశవ'కు దీపం వేసి, పన్నెండో నామం 'దామోదర'కు ఆపడం. దేవుడి పేరు తొందరగా అనడానికి నాకు నోరు రాదు.

"మా కోడలు ఫొటో కడగతా లేదప్పా, పూజ చేస్తా ఉంది. రేపు ట్రేలో తీర్థం పోసినా పోస్తుంది" అని వచ్చినవాళ్లతో చెప్పి నవ్వేవారు.

రెండువేల సంవత్సరం దాటాక, మామగారు పోయిన కొన్నాళ్లకు, మా ఆయన కంప్యూటరూ స్కానరూ తెచ్చారు. నాకేమీ బాధనిపించలేదు. చేతులకు ఫొటో మందు హైపో వాసన పోయింది, కిటికీ పక్కన కూర్చుని పని చేసుకోవచ్చు. ముఖాల మీది గరుకుతనం తీసి నున్నగా చేయడం నేర్చుకుని, కొంచెం గర్వపడ్డాను కూడా.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం రాయకోట నుంచి ఒకామె పాత నెగటివ్ తెచ్చింది. ఎండలో, తలమీద కొంగు కప్పుకుని నిలబడిన వాళ్లమ్మ. ఆ తల్లి ఫొటో లోకంలో అదొక్కటే. మర్నాడే మొదటి సంవత్సరీకం. సాయంత్రం బస్సుకు పటం చేతికి రావాలి.

నెగటివ్‌ను స్కాన్ చేశాను. కొంగు నీడలో ముఖం నల్లగా ఉంటే వెలుగు పెంచాను. రాగిపిండి చల్లినట్టు పొడిపొడిగా తేలింది. దాన్ని ఓపిగ్గా నున్నగా చేసి, మధ్యాహ్నం ఆమె రాగానే ఇచ్చాను.

ఆమె చాలాసేపు చూసింది.

"బాగుందమ్మా. ఈమె ఎవురు?"

"మీ అమ్మే కదక్కా" అన్నాను.

"మా అమ్మకి గడ్డం మింద ఈడ పచ్చ ఉండె. మూడు చుక్కలు. నేను చంకలో ఉన్నప్పుడు వాటినే గిల్లతా ఉంటినంట. యాడబోయినాయి?"

భూతద్దం పెట్టి నెగటివ్ చూశాను. ఉన్నాయి, మూడూ. పిండితో పాటు నేనే తుడిచేశాను. మా ఆయన మళ్లీ స్కాన్ చేసి చూశారు. ఆ పొడిలో ఏది చుక్కో ఏది పిండో తెలియలేదు.

"కూర్చో అక్కా, బస్సుకి ఇంకా టైముంది" అని లేచాను.

"ఆ డార్క్ రూములో బియ్యం మూటలు ఉండాయి గదే" అన్నారు మా ఆయన. అంటూనే వచ్చి ఎన్‌లార్జర్ ముందున్న మూటలు జరిపారు. మామగారు దాచిన నల్ల కవరులో మూడే ఫొటో కాగితాలు మిగిలాయి. "డేటు ఎప్పుడో అయిపోయిండాది" అన్నారు. ఫొటో కడిగే మందుపొడి డబ్బాలు కూడా, మూత తీయనివి, దొరికాయి.

మొదటి కాగితం మామూలుగా దామోదర దాకా ఉంచాను. ముఖం కుండ అడుగులా వచ్చింది. రెండోదానికి, మాధవ దాటగానే ముఖం మీద వెలుగు పడకుండా చెయ్యి అడ్డం పెట్టాను. ముఖం తెల్లబోయి, చుక్కలు మాయమయ్యాయి. ఇక ఒక్కటే ఉంది.

"ఏమైందమ్మా?" అంది తలుపు బయటి నుంచి ఆమె.

"పిలవద్దక్కా, నామాలు తప్పిపోతాయి!"

ఈసారి త్రివిక్రమ దాకా వెలుగు పడనిచ్చి, అక్కణ్ణుంచి చేతిని మెల్లగా ఊపుతూ నీడ పట్టాను. దామోదర. దీపం ఆపి కాగితాన్ని ట్రేలో ముంచాను. ఎర్రదీపం కింద ముందు కొంగు అంచు, తర్వాత ముక్కు. ఆ తర్వాత ఒకటి, రెండు, మూడు.

హైపోలో ఉంచి, కడిగి, బయటికి తెచ్చాను. పాత కాగితం కనుక ఆకాశం మాసిన పంచెలా వచ్చింది. ఆమె ఆకాశం చూడలేదు. వేలు చాపింది.

"తడిగా ఉందక్కా, తాకొద్దు."

ఆ వేలిని వెనక్కి తీసి తన గడ్డానికే ఆనించుకుంది. "వచ్చేసినాదమ్మా" అంది.

అక్కచెల్లెళ్లు ముగ్గురికీ తలా ఒకటి కావాలంది. కాగితాలు లేవు. మా ఆయన దాన్ని ఫ్యాను కింద ఆరబెట్టి స్కానరు మీద పెట్టారు. అచ్చు పడిన ఫొటోను అది చక్కగా పట్టుకుంది. "ఈసారి నువ్వు నున్నగా చేసేదానికి రావద్దే తల్లీ" అని నన్ను దూరంగా కూర్చోబెట్టారు. బస్సు వేళకు మూడు కాపీలూ వచ్చాయి. కంప్యూటరుకూ ఆ పూట దండం పెట్టుకున్నాను.

వారం తర్వాత ఆమె ఒక సంచి నిండా, గింజలు వలుచుకుని వండే అనపకాయలు తెచ్చింది.

"సంవత్సరీకం బాగా జరిగిందా అక్కా?"

"జరిగిందమ్మా. పటం గోడకి పెడితిమి. మా చిన్నక్క వచ్చీ రాగానే గడ్డం గిల్లె."

"అద్దం వేయించలేదా?"

"వేయించినాము. అద్దం మిందనే గిల్లె."