చెట్టు చుట్టూ పరిచిన పేర్లు

తాండూరులో ఎవరినైనా చందా అడిగి చూడండి. డబ్బు మాట ఎత్తగానే ముఖం పక్కకు తిప్పుకుంటారు, ఆ వెంటనే "బండలు ఎన్ని కావాల్నో చెప్పున్రి" అంటారు. చుట్టూ గనులు, ఎటు చూసినా పాలిష్ మిషన్లు ఉన్న ఊరు మాది. గుడికైనా బడికైనా ఇక్కడ చేతికి వచ్చేది బండే. ఊళ్ళోని పాత తోటను బాగు చేయడానికి మేం చందాలకు బయలుదేరినప్పుడు, ఈ అలవాటునే వాడుకుందామన్న ఆలోచన నాది. ఎవరి మీదకూ నెట్టడానికి లేదు.

ఆ తోట నిజాం కాలం నాటిది. గోడలు సగం కూలిపోయి, ఫౌంటెన్ నిండా చెత్త పేరుకుపోయి ఉండేది. మధ్యలో ఒక పెద్ద నిద్రగన్నేరు చెట్టు. ఎండాకాలం మధ్యాహ్నం ఊరు ఊరంతా దాని కిందే ఉన్నట్టుండేది. వికారాబాదు బడికి ఏళ్ళ తరబడి రైల్లో వెళ్ళివచ్చి పాఠాలు చెప్పినదాన్ని, రిటైరయ్యాక ఇంట్లో పొద్దుపోక తోట కమిటీలో చేరాను. బజారులో అందరూ "టీచరమ్మా, టీచరమ్మా" అని పిలుస్తుంటే నాకు ఒళ్ళు తెలియలేదు. ఆ మాట ఇప్పుడు ఒప్పుకోవాలి.

నా పథకం ఇది: బండ ఇచ్చినవాళ్ళ ఇంట్లో కాలం చేసిన పెద్దల పేరు ఆ బండ మీద చెక్కించి, తోటలో నడిచే దారికి పరుస్తాం. మొదటి ఇంట్లోనే చుక్కెదురైంది. "మా నాయిన పేరు మీద చెప్పులేసుకొని నడుస్తరా, టీచరమ్మా?" అన్నాడు ఆ ఇంటాయన. నిజమే కదా! అంత చదువుకున్నదాన్ని, ఆ మాత్రం తట్టలేదు. అడుగు పడని చోటు ఎక్కడుందని వెతికితే చెట్టు మొదలు కనిపించింది. చుట్టూ బండలు పరిచి, ఎవరూ తొక్కకుండా గొలుసు కడదామన్నాను. ఆ మాట విన్నాక బండలు లారీల్లో వచ్చాయి. వికారాబాదు నుంచి నా పాత విద్యార్థులు కూడా పేర్లు పంపారు.

తోటలో ఒకామె చాలా ఏళ్ళుగా మాలి పని చేసేది. దోమ వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఆదివారం పొద్దున చర్చికి వెళ్ళి, తిరిగి వస్తూ కూడా చెట్లకు నీళ్ళు పెట్టి వెళ్ళే మనిషి. పని మొదలైన రోజే నా దగ్గరికి వచ్చి, "మొదలు కాడ జర జాగ విడువున్రి, టీచరమ్మా. మొత్తం మూస్తే చెట్టు నీళ్ళు యాడికెళ్ళి తాగుతది?" అంది.

"నీకు తెలుసా, మేస్త్రీకి తెలుసా?" అన్నాను, క్లాసులో వెనక బెంచీని కసిరినట్టు.

ఆమె వెళ్ళి మేస్త్రీని బతిమాలుకుని మొదలు చుట్టూ జానెడు మట్టి వదిలించుకుంది. రోజూ అక్కడే నీళ్ళు పోసేది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

అలాగే ఊరుకుని ఉంటే బాగుండేది. అందరి పేర్లూ అయ్యాక మా అమ్మ బండ మిగిలింది. చివరి వరుసలో గొలుసు పక్కన వేయడానికి నాకు మనసొప్పలేదు. చందాలకు ఇల్లిల్లూ తిరిగింది నేను, మా అమ్మ పేరు మూలకా? మాలి పనికి రాని ఒక రోజు చూసుకుని, మేస్త్రీ చేత ఆ మట్టి జాగాలో అమ్మ బండను చెట్టు వంపుకు సరిపడా కోయించి, మొదలుకు ఆనించి వేయించాను. మిగిలిన సందులు సిమెంటుతో పూడ్పించాను. మర్నాడు ఆమె వచ్చి చూసింది. బండ మీద పేరు చదివించుకుంది. ఆ బండ అంచునే నీళ్ళు పోసి వెళ్ళింది.

రెండో ఎండాకాలానికి చెట్టు ఆకు రాల్చింది, మళ్ళీ చిగురు వేయలేదు. బెరడు పెచ్చులు పెచ్చులుగా లేచింది. కమిటీ మీటింగుకు ఆమెను పిలిపించారు.

"నీళ్ళు పోస్తున్నవా లేదా?" అని అడిగాడు మా అధ్యక్షుడు.

"పోస్తున్న, సారూ."

"పోస్తే గిట్లెందుకు ఎండుతది?"

ఆమె నా వైపు ఒక్కసారి చూసింది. నేను సంచీలో కళ్ళద్దాల కోసం వెతకడం మొదలుపెట్టాను. అద్దాలు నా ముఖం మీదే ఉన్నాయి. బండలు లేపి చూద్దామని ఆ గదిలో ఒక్కరు కూడా అనలేదు. ఎలా అంటారు, అందరి అమ్మానాన్నలూ ఆ బండల మీదే ఉన్నారు. మరుసటి రోజు నుంచి ఆమెను పనికి రావద్దన్నారు. వానలకు ముందే చెట్టును కొట్టించారు. నేను అటు వైపు వెళ్ళడం మానేశాను.

ఈ ఏడు మా చెల్లెలి ఇంటికి బండలు చూడటానికి కరణ్‌కోట దారిలో ఒక పాలిష్ మిషన్‌కు వెళ్ళాను. అక్కడ తడి బండలు తుడుస్తూ మా తోట మాలి కనిపించింది. చేతులు నీళ్ళకు తెల్లగా నానిపోయి ఉన్నాయి.

"మంచిగున్నరా, టీచరమ్మా?" అంది నవ్వుతూ.

క్షమాపణ చెప్పుకోవాలని రెండేళ్ళుగా మనసులో అనుకుంటున్న మాటలన్నీ ఎటు పోయాయో తెలియదు. అప్పుడు కూడా నా నోట కసురే వచ్చింది. "ఆ రోజు నువ్వు చెప్పొచ్చు కదా, ఆ జాగా మూయించింది నేనని?"

ఆమె గుడ్డ పిండి పక్కన పెట్టింది.

"ఎట్ల చెప్తనమ్మా? చెప్తే గా బండ పీకి యాడనో పారేస్తుండిరి. మీ అమ్మ పేరున్నది కదా. చెప్పాల్నా వద్దా అని మీ దిక్కు చూసిన. మీరు ఊకున్నరు. తల్లి పేరు నలుగురిల పోతదని ఊకున్నరు, నేను కూడ ఊకున్న."

ఆ మీటింగులో నాకు అమ్మ గుర్తుకే రాలేదు. పోతుందని నేను భయపడింది నా పేరు. అది ఆమెకు చెప్పడానికి ఇంతకంటే మంచి అవకాశం రాదని తెలుసు. అవునన్నట్టు తల ఊపి, మా చెల్లెలికి బండలు ఎంచుకోవడానికి లోపలికి వెళ్ళాను.