మదార్ చాచా వేలిముద్ర

పదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. అడిగితే చెప్పేదాన్నా? ఏమో. మీరు నన్ను ఎరగరు, నేను మిమ్మల్ని ఎరగను. అందుకే మీకు చెప్తున్నాను.

ఎనభైల్లో పాలమూరులో ఒక దవాఖానలో నర్సుగా ఉండేదాన్ని. వార్డులో నా నోటికి అందరూ జంకేవారు. ఆలస్యంగా వచ్చిన డాక్టర్లను కూడా వదిలేదాన్ని కాదు. అలాంటిదాన్ని, ఒకే ఒక్క మాట దగ్గర నోరు పెగలక ఒక మనిషిని మోసం చేశాను.

ఆయన కొల్లాపూర్ దగ్గరి పల్లెలో పరుపులు కుట్టే మదార్ చాచా. యాభై దాటినవాడు. మూత్రం సరిగా రాక, నడుము నొప్పితో కూర్చోలేక వచ్చాడు. మొదటి భార్య పోయాక, అంతకుముందు ఏడాదే జైనబీని నిఖా చేసుకున్నాడు. ఆమెకు పాతికేళ్లుంటాయేమో. చాచాకు ప్రోస్టేట్ గ్రంథిలో పుట్టిన క్యాన్సర్ అప్పటికే నడుము ఎముకల్లోకి పాకింది. పెద్ద డాక్టరు నాకు ఓపిగ్గా వివరించాడు. వృషణాల్లో తయారయ్యే హార్మోను రక్తంలో తిరుగుతూ ఆ కణాలకు పెరగమని కబురు మోస్తుందట. అవి ఎముకల్లో చేరినా ఆ కబురు అక్కడికీ వెళుతుందట. కాబట్టి అది పుట్టే చోటునే తీసేయాలి. పైతిత్తి అలాగే ఉంచి లోపలి భాగం తీస్తారు, ఆ తర్వాత ఇక పిల్లలు పుట్టరు. "మీ పాలమూరు భాషలో నువ్వే చెప్పి వేలిముద్ర తీసుకో" అని ఆయన వెళ్లిపోయాడు.

మా నాన్న వయసు మనిషి. పక్కన భార్య. ఆడదాన్ని, ఆ మాట ఎలా అనేది? అవతలి మంచం మీద ఒకాయనకు ముందురోజే బుడ్డలో, అంటే ఆ తిత్తిలోనే, చేరిన నీళ్లు తీసే ఆపరేషన్ అయింది. నా కళ్లు అటు పోయాయి.

"గాయనకు చేసినట్టే, చాచా. నీళ్లు తీస్తరు" అన్నాను.

ఆయన సిరా అంటిన వేలిని కాగితం దాకా తెచ్చి ఆగాడు. జైనబీని బయటికి పంపి, గొంతు తగ్గించాడు.

"బిడ్డా, జర సాఫ్ చెప్పు. జైనబీకి కడుపు పండాల్నని మస్తు ఆశ ఉంది. గీ ఆపరేషన్ గందుకు అడ్డం గాదు గదా?"

"ఏం ఫికర్ లేదు, చాచా."

"నీ మాట మీదనే ఏస్తున్న" అని వేలిముద్ర వేశాడు.

దయతో అన్నానా? చాలా ఏళ్లు దయ అనే చెప్పుకున్నాను. నిజం చెప్తే ఒప్పుకోడు, ఒప్పుకోకపోతే నొప్పితో నరకం పడతాడు, అందుకే అలా అన్నానని నన్ను నేనే వెనకేసుకొచ్చాను. అది నిజం కాదు. ఆయన ప్రాణం సంగతి అప్పుడు నా బుర్రలోకే రాలేదు. నాకు సిగ్గేసింది. డ్యూటీ దిగే వేళ కూడా అయింది. అంతే.

కొద్ది రోజుల్లోనే నొప్పి తగ్గి, చాచా నడిచి ఇంటికి పోయాడు. తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు కొత్త దూదితో దిండు కుట్టి తెచ్చి నా చేతిలో పెట్టాడు. దాన్ని అలమారలో పడేశాను.

ఏడాదికి జైనబీ ఒక్కతే వచ్చింది. ఆయన దగ్గరికి రాకపోవడం ఆపరేషన్ నీరసం అనుకుంటోంది. అది తగ్గేలోపు తనలో లోపం ఉంటే సరిచేయించుకోవాలనుకుంటోంది, ఎందుకంటే ఇంట్లో అందరూ ఆమెనే అంటున్నారు. పిల్లలు పుట్టేందుకు మందు ఇప్పించమని నా చేయి పట్టుకుంది. అప్పుడు మేమిద్దరమూ ఆడవాళ్లమే. చెప్పడానికి ఏం అడ్డు వచ్చింది? చీటీ రాసి ఆడవాళ్ల డాక్టరు దగ్గరికి పంపాను. ఆమె నెలల తరబడి ఆ మాత్రలు మింగింది. మొదటిసారి సిగ్గు అన్నాను కదా, దీన్ని ఏమనాలో నాకు తెలియదు.

కొన్నాళ్లకు ఆ క్యాన్సర్ కణాలు హార్మోను కబురు అందకపోయినా పెరగడం నేర్చుకుంటాయి. డాక్టరు ఆ సంగతీ ముందే చెప్పాడు. మూడో ఏట నొప్పి తిరగబెట్టి చాచా పోయాడు. జైనబీని గొడ్రాలని పుట్టింటికి పంపేశారు. మళ్లీ ఎవరూ ఆమెను చేసుకోలేదని, ఆ ఊరి నుంచి వచ్చిన ఒక రోగి మాటల్లో చెప్పింది.

ఇప్పుడు నల్లగొండలో ఉన్నాను. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఆమె ఊరు చేరొచ్చు. ఎక్కలేదు. ఒకసారి ఉత్తరం మొదలుపెట్టి చించేశాను, ఆమెకు చదువు రాదు కదా అని సాకు చెప్పుకున్నాను. ఇవాళ ఇంత రాశాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. అందుకు కూడా సిగ్గుగా ఉంది. జైనబీలో ఏ లోపమూ లేదు. ఆమె నా చేయి పట్టుకున్న రోజే ఆ సంగతి నాకు తెలుసు.