బిడ్డకు నీళ్ళు పోసే వంతు

నేను ముగ్గురు పిల్లల్ని కన్నాను. ఒక్కరికి కూడా నా చేత్తో నీళ్ళు పోసుకోలేదు. పుట్టింట్లో ఉన్నన్నాళ్ళూ మా అమ్మ పోసింది. బిడ్డకు అయిదో నెలలో పెనుగొండ దగ్గరున్న మా అత్తవారి ఊరికి తీసుకొచ్చాక మా అత్తయ్యగారు పోశారు. బాలింత పాలివ్వాలి, పెద్దావిడ నీళ్ళు పోయాలి, అదీ పద్ధతి. పెరట్లో కాగు కింద కొబ్బరి డొక్కలు ఎగదోసి, పీట మీద కాళ్ళు బారజాపుకుని కూర్చునేవారు అత్తయ్యగారు. బిడ్డను ఆ కాళ్ళ మీద వేసుకుని నువ్వుల నూనెతో ఒళ్ళంతా మర్దనా చేస్తుంటే, గుక్కపట్టి ఏడ్చే బిడ్డ కూడా ఊరుకునేది. నేను తువ్వాలు పట్టుకుని గుమ్మంలో నిలబడేదాన్ని. నా బిడ్డ ఒళ్ళు నాకన్నా ఆవిడకే బాగా తెలుసని కడుపు మండేది. పోనీలే, నేనూ ఒకనాటికి పెద్దదాన్నవుతాను, నా వంతూ వస్తుంది అనుకుని సరిపెట్టుకున్నాను.

పెద్దదాన్నయ్యాను. అమ్మమ్మనూ అయ్యాను. వంతు మాత్రం రాలేదు, అత్తయ్యగారు అలాగే ఉన్నారు కనక. మా చిన్నతనంలో అరవై దాటిన ఆడమనిషి ఊళ్ళో అరుదుగా కనిపించేది. ఈవిడకు ఎనభై దాటినా కాళ్ళనొప్పి అన్న మాటే తెలియదు. నా కూతుళ్ళు పురిటికొస్తే వాళ్ళ బిడ్డలకూ ఆవిడే.

"అత్తయ్యగారూ, ఇవాళ నేను పోస్తానండి."

"నువ్వు నీళ్ళు తోడవే, చాలు."

ఇంతలో పసిపిల్లలే కరువయ్యారు. ఇక్కడ ఎకరం అమ్మితే తుంగభద్ర కాలవ కింద నాలుగైదు ఎకరాలొస్తాయని మా మరిది తన వాటా అమ్మేసి, పెళ్ళాం పిల్లలతో వెళ్ళిపోయాడు. అక్కడ మనవాళ్ళు కట్టుకున్న ఊళ్ళని క్యాంపులంటారు. మా వీధిలో కుర్ర కాపురాలు చాలావరకు ఆ క్యాంపులకే చేరాయి. ఇక్కడ మిగిలినవాళ్ళు ఇద్దరు పుట్టగానే ఆపరేషన్ చేయించేసుకుంటున్నారు. ఒకప్పుడు ఏ పెరట్లో చూసినా తాళ్ళ మీద పసిగుడ్డలు ఆరేవి. ఇప్పుడు ముసలివాళ్ళ చీరలు, పంచెలు ఆరుతున్నాయి.

మా కోడలి మొదటి కాన్పు తణుకులో వాళ్ళ పుట్టింట్లో జరిగింది. రెండోసారి వాళ్ళమ్మకి ఒంట్లో బాగోలేక పురుడు మా ఇంట్లోనే అనుకున్నాం. కోడలు ముందే చెప్పేసింది.

"ఆడపిల్లైనా మగపిల్లాడైనా ఇదే ఆఖరండీ అత్తయ్యగారూ. ఆస్పత్రిలో ఉండగానే ఆపరేషన్ చేయించేసుకుంటాను."

నేను కాదనలేదు. పిల్లల్ని పెంచడమంటే ఎంత ఖర్చో నాకు తెలుసు. కానీ ఈ ఇంట్లో ఇంక పసిబిడ్డ పుట్టదు. ఈ బిడ్డకు పోయకపోతే నా జన్మలో ఇంకెవరికీ పోయను. అత్తయ్యగారు అప్పటికే కొత్త సున్నిపిండి విసిరి డబ్బాకెత్తుకుంటున్నారు.

ఆ రాత్రి మా ఆయనతో అన్నాను, "మీ తమ్ముడు అమ్మని చూడాలని ఎన్నాళ్ళనుంచో కబురు పెడుతున్నాడు. క్యాంపుకి తీసుకెళ్ళి దింపి రండి."

"ఈ వయసులో అంత దూరమా?"

"ఆవిడకేమండీ, నాకన్నా గట్టిగా ఉన్నారు."

అత్తయ్యగారు వినగానే లేచారు. "కోడలు నెలలు నిండి కూర్చుంటే ఇప్పుడు ప్రయాణం ఏంటే?"

"పురుడు నేను చూసుకుంటానండి."

"నీకేం తెలుసనీ?"

ముగ్గుర్ని కని, మనవల్నెత్తిన దాన్ని నాకేం తెలుసట! ఆ మాట తర్వాత నేను ఇంక జాలిపడలేదు. చిన్నకొడుకు మీద బెంగ ఆవిడకూ ఉండబట్టి చివరికి రైలెక్కారు.

మగపిల్లాడు పుట్టాడు. పురుటి స్నానం అయిన మర్నాటి నుంచి నేనే పోశాను. మొదటిరోజు నూనె ఒంటితో వాడు కాళ్ళ మీంచి జారిపోతాడేమోనని భయపడ్డాను. నాలుగు రోజుల్లో కుదురుకున్నాను. చెవి వెనక నూనె రాస్తే కళ్ళు మూసుకుంటాడని, వీపు మీద నీళ్ళు పడితే మూలుగుతాడని వాడి తల్లికన్నా ముందు నాకు తెలిసింది. సాంబ్రాణి పొగ వేసి చేతుల్లో పెడితే కోడలు గుమ్మంలో నిలబడి అందుకునేది. ఇన్నేళ్ళకు నా కడుపు చల్లబడింది.

అది ఎన్నాళ్ళో నిలవలేదు. క్యాంపు నుంచి మా ఊరికి పెళ్ళికొచ్చిన ఒకమ్మాయి, చంకలో పిల్లతో, మా ఇంటికొచ్చింది.

"మీ అత్తగారు మా పాలిట దేవతండీ. మా క్యాంపులో పెద్దవాళ్ళెవరున్నారు చెప్పండి, అందరం పాతికేళ్ళవాళ్ళమే. పసిపిల్లని పట్టుకోవడం కూడా తెలిసేది కాదు. ఇప్పుడు పొద్దున్నే పిల్లల్నెత్తుకుని మామ్మగారి దగ్గర లైను కట్టేస్తామండీ."

ఆ రోజు నాకు అన్నం సయించలేదు. ఒక్క బిడ్డ కోసం నేను ఆవిణ్ణి పంపించి, పసిపిల్లలతో కిటకిటలాడే ఊరిని చేతులారా అప్పగించాను.

మనవడికి ఏడాది దగ్గర పడుతుండగా, ఆవిణ్ణి తీసుకొస్తానని నేనే బయల్దేరాను. బెజవాడలో రైలు మారి, ఆ తర్వాత బస్సెక్కి, దుమ్ము కొట్టుకుపోయి చేరాను. అత్తయ్యగారు పెద్దకొడుకు ఎలా ఉన్నాడని అడగలేదు.

"బిడ్డ తల గుండ్రంగా వచ్చిందా?"

"వచ్చిందండి."

"ముక్కు?"

"మీ అబ్బాయి ముక్కేనండి."

"అయితే నువ్వు దిద్దింది చాల్లేదు."

చుట్టూ కూర్చున్న అమ్మాయిలు పకపకా నవ్వారు. "మా కోడలు నూనె కూడా లెక్క చూసుకుని పోస్తుందర్రా," అన్నారు ఆవిడ. మళ్ళీ నవ్వులు. ఆవిడ ఒళ్ళో ఒకడు, పక్క చాప మీద ఇద్దరు, వాకిట్లోకి వస్తూ ఇంకొకత్తె. ఆవిడ మొహం నేను కాపురానికొచ్చిన నాటికన్నా నిగనిగలాడుతోంది.

"మీ అబ్బాయి రమ్మంటున్నారండి," అన్నాను.

"వచ్చి ఏం చెయ్యనే? అక్కడున్నది ఒక్కడు. వాణ్ణి నువ్వే ఉంచుకో."

నేను అన్నేళ్ళు కోరుకున్న మాట అది. తినగా మిగిలింది పెట్టినట్టు పెట్టారు.

తోటికోడలు, "అక్కా, నువ్వూ ఉండిపోకూడదా? నీకూ ఓ పీట వేయిస్తాను," అంది. కోడలు ఇద్దరు పిల్లలతో వేగుతుంటే మా ఆయనకు వండిపెట్టేదెవరు? చేలో పని చూసేదెవరు? ఒంటరిగా తిరిగొచ్చాను.

వచ్చేసరికి కోడలు పంపు దగ్గర మనవణ్ణి నిలబెట్టి చెంబుతో పోస్తోంది.

"గట్టిగా నిలబడుతున్నాడండీ, అత్తయ్యగారూ. ఇంక కాళ్ళ మీదెందుకు?"

వాడు నన్ను చూసి నవ్వి, నీళ్ళు తపతపా కొట్టాడు. ఎత్తుకుందామని వంగితే తడి చేతులతో తోసేశాడు.

అత్తయ్యగారు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. మా ఇంట్లో ఏ శుభకార్యానికి పిలిచినా, ఫలానా వాళ్ళమ్మాయికి నెలలు నిండాయి, ఇప్పుడు రాలేనని కబురు పంపుతారు. అటునుంచి ఎవరొచ్చినా ఆవిడ ఆరోగ్యం అడుగుతాను. గట్టిగానే ఉన్నారని చెబుతారు. ఈ మధ్య ఎవరి బిడ్డకు పోస్తున్నారో చెప్పబోతే, పొయ్యి మీద పాలున్నాయని లేచి లోపలికి వెళ్ళిపోతాను.